పొరుగుతో స్పర్ధ: ఒక ఫుట్‌బాల్ కప్పు లేవనెత్తే ధర్మసందేహం

పొరుగువాడిని ఓడించాలని మనసారా కోరుకుంటూనే అతని పట్ల పొరుగుధర్మాన్ని నిలుపుకోవడం సాధ్యమేనా అన్న ప్రశ్న నీతిశాస్త్రంలో పాతదే అయినా, దానికి జవాబు వెతికినవారు యుద్ధాన్నో, వ్యాపారాన్నో, పండితుల వాదాన్నో ఉదాహరణగా తీసుకున్నంతగా ఆటను తీసుకోలేదు. ఆటలో గెలుపు కోరడం తప్పు కాదని లోకం ఎటూ ఒప్పుకుంటుంది గనుక అక్కడ విచారించవలసిందేమీ లేదని వారు భావించి ఉండవచ్చు. నిజానికి ప్రశ్న పదును తేలేది అక్కడే. యుద్ధంలో ప్రాణరక్షణ, వ్యాపారంలో జీవనోపాధి సాకుగానైనా నిలుస్తాయి. ఆటలో అటువంటి సాకు ఏదీ లేకుండా, ఎవరూ బలవంతపెట్టకుండానే, ఇరుగుపొరుగులు ఒకరినొకరు ఓడించుకోవడానికి తేదీ పెట్టుకుని మరీ పూనుకుంటారు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సుకూ, దానిని ఆనుకుని ఉన్న హాంకాంగ్‌కూ మధ్య 1979లో మొదలైన గ్వాంగ్‌డాంగ్–హాంకాంగ్ కప్పు ఈ విచారణకు మంచి ఆధారం. అది పొరుగువారి మధ్య పోటీ కావడమే గాక రెండంచెల పోటీ కూడా. ఈ రెండో లక్షణం పైకి కనిపించేంత అల్పమైనది కాదు.

రెండంచెల పోటీ అంటే ఒకే పోరును రెండు మ్యాచ్‌లుగా విడదీసి, ఒకటి ఒక జట్టు సొంతగడ్డ మీద, రెండోది ఎదుటి జట్టు గడ్డ మీద ఆడించి, రెండింట్లో కలిపి ఎక్కువ గోల్స్ చేసిన జట్టుకు కప్పు ఇచ్చే పద్ధతి. తొలి అంచెలో రెండు గోల్స్ తేడాతో గెలిచిన జట్టు మలి అంచెలో ఒక గోల్ తేడాతో ఓడినా కప్పు దానిదే. రెండు అంచెల మొత్తం సమానమైతే అదనపు సమయం ఆడిస్తారు, అప్పటికీ తేలకపోతే పెనాల్టీ కిక్‌లు ఉంటాయి. ఫుట్‌బాల్ మ్యాచ్ తొంభై నిమిషాలది కాబట్టి ఇక్కడ ఆట నూట ఎనభై నిమిషాలది, అందులో సగం గ్వాంగ్‌జౌ వంటి గ్వాంగ్‌డాంగ్ నగరంలో, సగం హాంకాంగ్‌లో గడుస్తుంది, మధ్యలో కొన్ని రోజుల విరామం, ఒక సరిహద్దు దాటే ప్రయాణం ఉంటాయి. హాంకాంగ్–మకావు జట్ల మధ్య 1937 నుంచి నడుస్తున్న ఇంటర్‌పోర్ట్ పోటీలో ఆతిథ్యం వంతులవారీగా మారుతుందే గాని ఒక్కొక్క పోటీ ఒక్క మ్యాచ్‌తోనే ముగుస్తుంది. గ్వాంగ్‌డాంగ్–హాంకాంగ్ కప్పులో మాత్రం ఆతిథ్యం ఇవ్వడం, ఆతిథ్యం పొందడం రెండూ ఒకే పోటీలో జరిగితే తప్ప విజేత ఎవరో తేలదు.

ఈ కప్పు పుట్టిన కాలాన్ని గమనిస్తే ఆ సరిహద్దు ప్రయాణం మాటల్లో చెప్పినంత తేలికైనది కాదని తెలుస్తుంది. 1979లో హాంకాంగ్ బ్రిటిష్ వలస రాజ్యం. గ్వాంగ్‌డాంగ్ సాంస్కృతిక విప్లవపు దెబ్బల నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న ప్రాంతం. గ్వాంగ్‌జౌకూ కౌలూన్‌కూ మధ్య 1949లో ఆగిపోయిన నేరు రైలు ముప్పై ఏళ్ల తరువాత 1979 ఏప్రిల్‌లోనే మళ్లీ కదిలింది. 1958లో ఫీఫా నుంచి వైదొలగిన చైనా తిరిగి అందులో స్థానం పొందింది కూడా ఆ సంవత్సరంలోనే. రెండు జట్లు అధికారిక అనుమతులతో షెంజెన్ నది మీది వంతెన దాటుతున్న ఆ రోజుల్లోనే, అదే సరిహద్దు వెంట గ్వాంగ్‌డాంగ్ పల్లెల యువకులు రాత్రివేళ సముద్రపు పాయలను ఈదుకుంటూ హాంకాంగ్ చేరాలని ప్రాణాలు పణంగా పెట్టేవారు. సరిహద్దు దగ్గర దొరికినవారిని వెనక్కి పంపి, నగరంలోకి చేరగలిగినవారిని ఉండనిచ్చే విధానం, ఆట నియమంలా వినిపించేదే అయినా నిజమైన చట్టమే, హాంకాంగ్‌లో 1980 అక్టోబరు వరకు అమలులో ఉంది. అంటే ఈ కప్పు మైత్రి ఎలాగూ వెల్లివిరుస్తున్న చోట దానికి అలంకారంగా పుట్టింది కాదు. ఇరువైపులా ఒకే కాంటనీస్ భాష మాట్లాడే జనం, ఒకే వంశాలు, ఒకే వంటలు ఉండీ రాకపోకలు తెగిపోయిన చోట, రాకపోకలకు ఒక మర్యాదైన నెపంగా పుట్టింది.

ఇక ఆ పద్ధతిలోని నైతిక నిర్మాణాన్ని చూడాలి. ఆతిథ్యం ఒక ధర్మమని ప్రాచీన సమాజాలన్నీ చెప్పాయి. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి తల్లిని, తండ్రిని, గురువును దైవంగా చూడమని శిష్యునికి బోధించిన చోటనే అతిథిని కూడా ఆ వరుసలో నిలిపింది. అయితే ఆ ఉపదేశంలోని అతిథి అన్నం కోసమో, ఆశ్రయం కోసమో వచ్చినవాడు. గృహస్థుని ఓడించడానికే వచ్చినవాడు కూడా అతిథేనా అన్నది వేరే ప్రశ్న. రెండంచెల పోటీ ఈ ప్రశ్నకు ఒక ఆచరణాత్మకమైన జవాబు ఇస్తుంది: ఈ వారం గడప దాటి వచ్చినవాడి పట్ల గృహస్థు ఎలా ప్రవర్తిస్తాడో, వచ్చే వారం తాను అతని గడప తొక్కినప్పుడు అతడూ అలాగే ప్రవర్తించే అవకాశం ఉంటుంది. జీవితమంతా పాటించదగిన ఒకే సూత్రం ఏదని శిష్యుడు అడిగినప్పుడు కన్ఫ్యూషియస్ సూచించిన భావం, తనకు ఇష్టం లేనిది ఎదుటివారికి చేయకపోవడం, చైనా సంప్రదాయంలో 'షు' అన్న పేరుతో ప్రసిద్ధం. తనను ఎదుటివాడి స్థానంలో ఊహించుకోవడం దీనికి మూలం. సాధారణ జీవితంలో ఆ స్థానమార్పిడి ఊహలోనే జరుగుతుంది, అందుకే అది తరచుగా ఎగవేతకు గురవుతుంది. రెండంచెల పోటీలో అది టైమ్‌టేబుల్‌లోనే రాసి ఉంటుంది.

ఇక్కడ యూరప్ ఫుట్‌బాల్ చరిత్రలోని ఒక నియమం ప్రస్తావించదగినది. రెండు అంచెల మొత్తం సమానమైనప్పుడు ప్రత్యర్థి గడ్డ మీద ఎక్కువ గోల్స్ చేసిన జట్టును గెలిపించే నియమాన్ని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 1965లో ప్రవేశపెట్టి, 2021లో తొలగించింది. పరాయి గడ్డ మీద ఆడటం కష్టం గనుక అక్కడ సాధించిన దానికి ఎక్కువ విలువ ఇవ్వాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. ప్రయాణపు బడలిక, అలవాటు లేని మైదానం, అరిచే జనం, రెఫరీ మీద తెలియకుండానే పడే ఒత్తిడి, ఇవన్నీ ఒకప్పుడు అతిథి జట్టుకు నిజంగానే భారంగా ఉండేవి. అయితే ఆ నియమం కోరని ఫలితం ఒకటి తెచ్చింది: సొంతగడ్డ మీద ఆడే జట్టు గోల్ చేయాలన్న కోరిక కంటే, తమ ఇంట అతిథి గోల్ చేస్తాడేమోనన్న భయంతో ఆడటం మొదలుపెట్టింది. గృహస్థు తన ఇంట్లోనే తలుపులు బిగించుకు కూర్చోవలసి రావడం ఆతిథ్యధర్మపు దృష్టితో చూస్తే వింత విపర్యాసం. అతిథిని గౌరవించడానికి చేసిన ఏర్పాటు గృహస్థును పిరికివాణ్ణి చేస్తే ఇద్దరికీ మేలు జరగదు కాబట్టి, ఆ నియమాన్ని తొలగించడం సరైన పనే.

ఆటకూ క్రతువుకూ ఉన్న భేదాన్ని ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు క్లాడ్ లెవీ-స్ట్రాస్ 1962లో వెలువరించిన 'లా పాన్సే సోవాజ్' గ్రంథంలో సూత్రీకరించాడు. ఆట మొదలయ్యేటప్పుడు ఇరుపక్షాలు సమానం, ముగిసేటప్పుడు ఒకరు విజేత, ఒకరు పరాజితులు. కనుక ఆట విడదీసేది. క్రతువులో యాజకులు, సామాన్యులు అన్న భేదం మొదట ఉంటుంది, చివరికి అందరూ ఒకే పక్షంలో చేరతారు. కనుక క్రతువు కలిపేది. ఈ భేదానికి అతడు ఉదాహరణగా చూపింది కూడా ఫుట్‌బాల్‌నే కావడం విశేషం. కె. ఇ. రీడ్ అనే పరిశోధకుని రచనల ఆధారంగా, న్యూ గినీ ఎత్తైన ప్రాంతాల్లోని గహుకు-గమా ప్రజలు ఫుట్‌బాల్ నేర్చుకున్నా, ఇరుపక్షాల గెలుపోటములు సమానమయ్యే వరకు ఎన్ని రోజులైనా మ్యాచ్‌లు ఆడుతూనే ఉంటారని అతడు రాశాడు. ఆ ప్రజలు ఆటను క్రతువుగా మార్చుకున్నారన్నది అతని వ్యాఖ్య.

ఈ విభజన మేధకు ఎంత ఇంపుగా ఉన్నా, రెండంచెల పోటీ ముందు అది కొంత తడబడుతుంది. గహుకు-గమా ప్రజలు ఫలితాన్ని సమం చేశారు. రెండంచెల పోటీ పరిస్థితులను సమం చేస్తుంది, ఫలితాన్ని మాత్రం స్వేచ్ఛగా వదిలేస్తుంది. ఇంటి అనుకూలత ఒకసారి ఒకరికి, మరోసారి మరొకరికి దక్కడం, ఇరువైపుల ప్రేక్షకులూ తమ జట్టును తమ కళ్ల ముందు చూడగలగడం, స్వాగత సత్కారాలు వంతులవారీగా జరగడం క్రతువు వైపు మొగ్గే లక్షణాలు. చివరికి ఒకే జట్టు కప్పు ఎత్తడం ఆట లక్షణం. ఏటా ఇదే జంట మళ్లీ తలపడుతుంది కాబట్టి ఆ విభేదం కూడా పన్నెండు నెలల గడువు ఉన్నదే. లెవీ-స్ట్రాస్ ఒక్కొక్క మ్యాచ్‌ను ప్రమాణంగా తీసుకోవడం వల్ల అతనికి ఈ మధ్యస్థ రూపం కనిపించలేదనుకోవాలి. ప్రమాణాన్ని ఒక తరానికి పెంచి చూస్తే, కలిపే ఆటలు కూడా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

చైనా సంప్రదాయంలోనే ఈ ప్రశ్న మీద జరిగిన ఆలోచన దీనికంటే ఎంతో పాతది. 'లున్ యు' అనే కన్ఫ్యూషియస్ సంభాషణల సంకలనంలోని మూడో అధ్యాయంలో, ఉత్తముడు దేనికీ పోటీపడడని, పడితే విలువిద్యలోనే పడతాడని చెప్పే ఘట్టం ఉంది. అక్కడి వర్ణన ప్రకారం పోటీదారులు ఒకరికొకరు నమస్కరించి, ముందు మీరంటే ముందు మీరని మర్యాద చేసుకుంటూ వేదిక ఎక్కుతారు, దిగాక కలిసి మద్యపాత్ర అందుకుంటారు. అదే సంప్రదాయానికి చెందిన తరువాతి తత్త్వవేత్త మెన్షియస్ ఈ భావాన్ని మరింత లోపలికి తీసుకెళ్లి, బాణం గురి తప్పినప్పుడు విలుకాడు తనను గెలిచినవాని మీద కోపం తెచ్చుకోక, లోపం తనలోనే వెతుక్కుంటాడని అన్నాడు. ఇది గొప్ప ఆదర్శమే గాని, ఫుట్‌బాల్‌కు దీన్ని యథాతథంగా అన్వయించడం కుదరదు. విలుకాళ్లిద్దరూ చెరొక బాణం గురి వైపు వదులుతారు. ఒకరి బాణానికి మరొకరు అడ్డురారు. ఫుట్‌బాల్‌లో ఎదుటివాడిని అడ్డుకోవడమే పనిలో సగం. బంతి కోసం కాళ్లు కలబడతాయి, భుజాలు రాసుకుంటాయి, ఒకరి విజయం మరొకరి శరీరాన్ని దాటి వెళ్లి సాధించవలసినది. ఓడినవాడు లోపం తనలోనే ఉందనుకోవడానికి ఇక్కడ వీలు తక్కువ, ఎందుకంటే అతని లోపంలో కొంత ఎదుటివాడు కల్పించినదే.

ఈ లోటును పూరించే రచన ఒకటి తూర్పు హాన్ రాజవంశ కాలం నుంచి మిగిలి ఉంది. త్సుజూ అనే ప్రాచీన చైనా బంతాట ఆడే ఆవరణ గురించి లి యౌ అనే రచయిత రాసిన చిన్న శాసనకావ్యం అది. బంతి గుండ్రం, ఆవరణ చతురస్రం, ఈ రెండూ యిన్-యాంగ్‌లకు, అంటే సృష్టిని నడిపే పరస్పర పూరకమైన రెండు శక్తులకు ప్రతిరూపాలని అతడు చెబుతాడు. ఇరుపక్షాలు సమసంఖ్యలో ఎదురెదురుగా నిలుస్తాయి, నాయకులూ మధ్యవర్తులూ నియమితులవుతారు, మధ్యవర్తి తనవారు, పరాయివారు అన్న తేడా చూపకూడదు, ఆటగాళ్లు మనసు నిలకడగా ఉంచుకుని తప్పులెంచుతూ నిష్ఠూరమాడకూడదు, బంతాటకే ఇంత నియమం ఉంటే రాజ్యం నడిపేవారికి ఇంకెంత ఉండాలి అన్నది ఆ రచన సారాంశం. దీనిలో విలువిద్యా ఘట్టానికి లేని రెండు అంశాలు ఉన్నాయి. ఒకటి, ఎదురుపక్షం అడ్డంకి మాత్రమే కాదు, జగత్తు నిర్మాణంలోనే దానికి చోటుంది. యాంగ్ లేనిదే యిన్ లేనట్టు ప్రత్యర్థి లేనిదే ఆట లేదు. రెండు, వ్యక్తుల సౌజన్యం మీద మాత్రమే ఆధారపడకుండా, పక్షపాతం లేని మూడో మనిషిని నిలబెట్టాలి. రెండు వేల ఏళ్ల కిందటి ఈ రచయితకు రెఫరీ అవసరం తెలిసినంత స్పష్టంగా, ఆటలో మంచితనం గురించి ఉపన్యసించే నేటివారిలో చాలామందికి తెలియదు.

ఎదుటివాడి శరీరం అడ్డు వచ్చే ఆటలో మెన్షియస్ ఆదర్శాన్ని ఎంతవరకు నిలుపుకోవచ్చో చూపిన వ్యక్తి గ్వాంగ్‌డాంగ్‌లోనే ఉన్నాడు. కప్పు మొదలైన సంవత్సరాల్లో గ్వాంగ్‌డాంగ్ ఫుట్‌బాల్ అనగానే గుర్తొచ్చే పేరు రోంగ్ జిహాంగ్. 1948లో భారతదేశంలో స్థిరపడిన ఒక చైనా కుటుంబంలో పుట్టి, గ్వాంగ్‌డాంగ్ తరఫున, చైనా జాతీయ జట్టు తరఫున ఆడినవాడు. పొట్టి మనిషి, కాళ్ల దగ్గర బంతి అతుక్కుపోయినట్టు నడిపించేవాడు కాబట్టి రక్షకులు అతన్ని పడగొట్టడమే తేలిక మార్గంగా ఎంచుకునేవారు. పడగొట్టిన ప్రతిసారీ అతడు లేచి, తిరిగి తన్నకుండా, రెఫరీతో తగువు పెట్టుకోకుండా ఆట కొనసాగించేవాడు. ఈ నడవడికి అతని పేరుతోనే 'జిహాంగ్ శైలి' అన్న పేరు వచ్చి, చైనా క్రీడారంగంలో ఆదర్శంగా ప్రచారమైంది. గమనించవలసిందేమిటంటే, అతడు గెలుపు మీద కోరిక తగ్గించుకున్నవాడు కాదు, గోల్స్ చేయడం మానినవాడూ కాదు. బాధ ఎదుటివాడి నుంచే వచ్చినా దానికి ప్రతిక్రియను ఆటలోనే, ఆట నియమాల లోపలే వెతుక్కున్నాడు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఒక ధోరణి కూడా అదే దేశంలో, దాదాపు అదే కాలంలో ఉండేది. 1970ల ఆరంభంలో పింగ్‌పాంగ్ దౌత్యం నాటి నుంచి, మైత్రి ముందు, పోటీ తరువాత అన్న నినాదం చైనా క్రీడాసంబంధాలకు మార్గదర్శకంగా ప్రచారంలోకి వచ్చింది. వినడానికి ఇది పొరుగుధర్మానికి పరాకాష్ఠలా ఉంటుంది. అయితే మైత్రి కోసం పోటీని సడలించడం మొదలైతే, ఎదుటివాడు తనకు దక్కిన గెలుపు నిజమో కాదో తేల్చుకోలేడు. అనుమానించవలసి వచ్చే గెలుపు ఓటమి కంటే అవమానకరం. పూర్తి శక్తితో ఆడటం ప్రత్యర్థికి చెల్లించవలసిన రుణం. దాన్ని ఎగవేసి కరచాలనంతో సరిపెట్టడం దొంగ లెక్క. కనుక ఆటలో సత్యం, మైత్రి ఒకదానికొకటి పోటీ కావు, సత్యం తప్పిన చోట మైత్రి నిలిచే చోటు కూడా ఉండదు. గ్వాంగ్‌డాంగ్–హాంకాంగ్ కప్పు ఆ నినాదపు నీడలో పుట్టినా, కప్పును ఎవరో ఒకరికే ఇవ్వాలన్న నియమాన్ని వదులుకోకపోవడం దాని అదృష్టం.

భారతీయ న్యాయదర్శనం ఈ విషయాన్ని ఇంకో కోణంలో చూడటానికి తోడ్పడుతుంది. గౌతముని న్యాయసూత్రాలు వాదప్రతివాదాలను మూడు రకాలుగా విభజించాయి. సత్యం తేల్చుకోవడానికి ఇద్దరు చేసేది 'వాదం'. గెలుపే లక్ష్యంగా, మాటల మాయలను కూడా వాడుకుంటూ చేసేది 'జల్పం'. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాని పక్షాన్ని కూలదోయడానికే చేసేది 'వితండ'. వాదాన్ని గురువుతో, శిష్యులతో, సహాధ్యాయులతో, శ్రేయస్సు కోరేవారితో, అసూయ లేనివారితో చేయాలని ఆ శాస్త్రం చెబుతుంది. ఫుట్‌బాల్ గెలుపు కోసం ఆడేది గనుక మొదటి చూపుకు జల్పంలా కనిపిస్తుంది. కాని రెండంచెలలో ఏటేటా జరిగే పోటీలో వాద లక్షణం ఒకటి చొరబడుతుంది: తొలి అంచెలో ఒక జట్టు ప్రతిపాదించిన దానికి మలి అంచెలో రెండో జట్టు సమాధానం చెబుతుంది, ఆ సమాధానం చెప్పే అవకాశాన్ని మొదటి జట్టే తన ప్రయాణంతో వెళ్లి అందిస్తుంది. ప్రత్యర్థి బలహీనత ఎంత బయటపడుతుందో తనదీ అంతే బయటపడుతుంది. జల్పం వాదంగా మారడానికి గెలుపు కోరిక పోనక్కరలేదు, అసూయ పోతే చాలు. గ్రీకు కవి హెసియోడ్ కూడా కలహదేవతలు ఇద్దరున్నారని, ఒకతె యుద్ధం పెంచేది, రెండో ఆమె పొరుగువాణ్ణి చూసి పొరుగువాడు పనిలో పడేట్టు చేసేదని చెప్పి, అక్కడికక్కడే కుమ్మరికి కుమ్మరి మీద కోపమన్న మాట కూడా చేర్చాడు. ఇద్దరు దేవతల మధ్య గీత ఎంత సన్ననిదో అతనికి తెలుసు.

ఆ గీత ఎక్కడ చెరుగుతుందన్నది అసలు చిక్కు. పొరుగు సమాజాల మధ్య ద్వేషం భేదాలు పెద్దవి కావడం వల్ల గాక చిన్నవి కావడం వల్లనే పుడుతుందని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ అన్నాడు. స్పెయిన్, పోర్చుగల్ వంటి జంటలను ఉదహరిస్తూ దీన్ని స్వల్పభేదాల ఆత్మానురాగం అని పిలిచాడు, అంటే ఇతరులతో పోలిక ఎక్కువైనప్పుడు మిగిలిన కొద్దిపాటి తేడానే తన అస్తిత్వంగా పట్టుకుని వేలాడటం. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్‌ల విషయంలో పోలిక ఎంత ఎక్కువంటే, ఒకే మనిషి ఎవరివాడో తేల్చడం కష్టం. ఆసియా ఫుట్‌బాల్ తొలితరం మహానుభావుడు లీ వై-టాంగ్ 1905లో హాంకాంగ్‌లో పుట్టాడు, పూర్వీకుల ఊరు గ్వాంగ్‌డాంగ్‌లోని వుహువా, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు చైనా జట్టు నాయకునిగా వెళ్లాడు. ఆ జట్టు దారి ఖర్చుల కోసం ఆగ్నేయాసియాలోనూ, భారతదేశంలోనూ మ్యాచ్‌లు ఆడుతూ బెర్లిన్ చేరింది. 1954, 1958 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచిన తైవాన్ జట్టులో అత్యధికులు హాంకాంగ్ ఆటగాళ్లే. అయితే ఫ్రాయిడ్ సూత్రం ద్వేషానికి మూలం చూపుతుందే గాని, అదే పొరుగువారు కొన్ని మ్యాచ్‌ల్లో నవ్వుతూ విడిపోయి, కొన్ని మ్యాచ్‌ల్లో రాళ్లు విసురుకోవడం ఎందుకో చెప్పదు. స్వల్పభేదాలు రెండు సందర్భాల్లోనూ అవే కదా.

దీనికి జవాబు జువాంగ్‌జీ గ్రంథంలో దొరుకుతుంది. దావోవాద సంప్రదాయపు ఈ ప్రాచీన గ్రంథం, పెంకు ముక్కలు పందెం కాసినప్పుడు నేర్పుగా గురి చూసేవాడే బంగారం పందెం కాసినప్పుడు తడబడతాడని, నేర్పు మారకున్నా బయటి వస్తువు మీద చూపు పడటంతో లోపల మొద్దుబారుతుందని చెబుతుంది. మరో అధ్యాయంలో, బల ప్రదర్శనకు దిగేవారు బాహాటమైన సరదాతో మొదలుపెట్టి తరచూ చాటుమాటు ద్వేషంతో ముగిస్తారని కూడా అంటుంది. తెలుగు పాఠకునికి ఇక్కడ పల్నాటి కోడిపందెం గుర్తుకు రాక మానదు: పొరుగు సంస్థానాల మధ్య పందెంగా రాజ్యమే ఒడ్డినప్పుడు ఆట ముగిసింది కారెంపూడి రణరంగంలో.

1985 మే 19న బీజింగ్ వర్కర్స్ స్టేడియంలో జరిగింది సరిగ్గా బంగారం పందెం. ప్రపంచకప్ అర్హత పోటీల్లో తరువాతి దశకు వెళ్లడానికి చైనాకు సొంతగడ్డ మీద డ్రా చాలు. హాంకాంగ్ గెలిచి తీరాలి. చియుంగ్ చి-తక్ దూరం నుంచి కొట్టిన ఫ్రీ కిక్‌తో హాంకాంగ్ ఆధిక్యం సాధించింది, లి హుయ్ స్కోరు సమం చేశాడు, రెండో అర్ధభాగంలో కూ కామ్-ఫాయ్ కొట్టిన గోల్‌తో హాంకాంగ్ 2–1తో గెలిచింది. స్టేడియం బయట జనం బస్సులు, కార్లు ధ్వంసం చేశారు, వంద మందికి పైగా అరెస్టయ్యారు, చైనా కోచ్ జెంగ్ షుయెలిన్ పదవి వదులుకున్నాడు. గమనించదగిన సంగతి ఏమిటంటే ఆ జట్లు కూడా అంతకుముందు హాంకాంగ్‌లో ఒకసారి తలపడ్డాయి. ఇంటా బయటా ఆడటమన్న పద్ధతి అక్కడా ఉంది. హాంకాంగ్‌ను తిరిగి చైనాకు అప్పగించే ఒప్పందం మీద సంతకాలై అప్పటికి అయిదు నెలలే గడిచాయి. జాతి గౌరవం, ప్రపంచకప్ ఆశ, రాబోయే పాలన గురించిన ఆలోచన మూడూ కలిసి ఆ ఒక్క మ్యాచ్ మీద పేరుకున్నాయి. అంతటి బరువును ఏ పద్ధతీ మోయలేదు.

ముప్పై ఏళ్ల తరువాత 2015లో అదే జంట మళ్లీ ప్రపంచకప్ అర్హత పోటీల్లో తలపడింది. సెప్టెంబరులో షెంజెన్‌లో 0–0, నవంబరులో హాంకాంగ్‌లోని మాంగ్‌కాక్ స్టేడియంలో 0–0. గోల్స్ పరంగా ఇంతకంటే సమానమైన ఫలితం ఉండదు. గహుకు-గమా ప్రజలు చూస్తే తృప్తిగా ఇళ్లకు వెళ్లిపోయేవారు. మైదానం బయట జరిగింది మాత్రం వేరు. హాంకాంగ్ జట్టులో నల్లవారు, తెల్లవారు, పసుపు చర్మం వారు ఉన్నారని, జాగ్రత్తగా ఉండాలని చైనా ఫుట్‌బాల్ సంఘం విడుదల చేసిన పోస్టరు పొరుగువారిని నొప్పించింది. అంతకుముందు ఏడాది హాంకాంగ్ వీధుల్లో సాగిన రాజకీయ ఉద్యమం వేడి చల్లారకముందే వచ్చిన ఆ మ్యాచ్‌లలో హాంకాంగ్ ప్రేక్షకులు, రెండు జట్లకూ ఉమ్మడిదైన చైనా జాతీయగీతాన్ని గేలి చేశారు. గేలి చేస్తే ఊరుకోమని ఫీఫా హెచ్చరించాక కొందరు నోరు మెదపకుండా 'బూ' అని అచ్చువేసిన కాగితాలు ఎత్తి చూపారు. ఫీఫా హాంకాంగ్ సంఘానికి జరిమానా వేసింది, 2020లో హాంకాంగ్‌లో జాతీయగీతాన్ని అవమానించడం చట్టరీత్యా నేరమైంది. ఎవరి పక్షాన ఎంత న్యాయముందన్నది రాజకీయశాస్త్రం తేల్చవలసిన విషయం. ఇక్కడి విచారణకు కావలసింది ఒక్కటే: ఆ రోజు మైదానంలో పందెం గోల్స్ మీద గాక, తామెవరన్న ప్రశ్న మీద ఉంది, అటువంటి ప్రశ్నకు స్కోరుబోర్డు మీద జవాబు ఉండదు.

ఈ రెండు ఘటనల పక్కన గ్వాంగ్‌డాంగ్–హాంకాంగ్ కప్పును నిలిపి చూసినప్పుడు, దాని లోపంగా చాలామంది భావించేదే దాని బలమని తోస్తుంది. హాంకాంగ్ 1954 నుంచి ఫీఫా సభ్యత్వం ఉన్న సంఘం, గ్వాంగ్‌డాంగ్ ఒక ప్రావిన్సు మాత్రమే. కాబట్టి ఇక్కడ రెండు దేశాలు తలపడటం లేదు. ఆ అసమానతే పోటీని జాతి గౌరవపు తూనికకు ఎక్కకుండా కాపాడింది. 1997లో పాలన మారినా, ఆర్థికంగా గ్వాంగ్‌డాంగ్ రూపురేఖలే మారిపోయినా కప్పు స్వభావం పెద్దగా మారలేదు. కోవిడ్ కాలంలో సరిహద్దు మూతపడటంతో కొన్నేళ్లు ఆగింది, ఎందుకంటే ఇద్దరూ ఒకరింటికి ఒకరు వెళ్లలేనప్పుడు ఈ పోటీ ఒక ఊళ్లో ఆడి ముగించదగినది కాదు. దీన్ని పెద్ద టోర్నమెంటుగా పెంచాలని, భారీ నగదు బహుమతి పెట్టాలని, దీని ఫలితాన్ని మరో పోటీకి అర్హతగా ముడిపెట్టాలని ఎవరైనా తలపెడితే అది పెంకు ముక్కల స్థానంలో బంగారం పెట్టడమే అవుతుంది. పొరుగువాణ్ణి ఓడించాలన్న కోరికను ధర్మవిరుద్ధం కాకుండా ఉంచేవి, ఈ ఉదాహరణను బట్టి, మూడు: నిజాయతీగా పూర్తి శక్తితో ఆడటం, వంతులు మార్చుకునే ఆతిథ్యం, పందెం చిన్నది కావడం. వీటిలో మొదటిది ఆటగాళ్ల చేతిలో, రెండోది నియమావళి చేతిలో ఉన్నాయి. మూడోదాన్ని చెడగొట్టే శక్తి నిర్వాహకులకూ, ప్రభుత్వాలకూ ఎప్పుడూ ఉంటుంది, వారు దాని జోలికి పోకుండా ఉండటమే మేలు. ఇప్పటికైతే ఈ కప్పు గెలిచిన జట్టు ప్రపంచకప్‌కూ వెళ్లదు, ఆసియా కప్‌కూ వెళ్లదు. మళ్లీ కప్పు జరిగినప్పుడు అదే పొరుగు ఊరికి వెళ్తుంది.